వాట్ చేతికొచ్చిన రిపేరు

జేమ్స్ వాట్ అనగానే మనకు కెటిల్ మీద ఎగిరిపడే మూత గుర్తొస్తుంది. చిన్నప్పటి పాఠం చేసిన పని అది. నాకు మాత్రం అతను చేసిన ఒక రిపేరు కథ అంతకంటే ఇష్టం.

1763-64 చలికాలం. గ్లాస్గో యూనివర్సిటీలో వాట్ సైన్సు పరికరాలు తయారుచేస్తూ, బాగుచేస్తూ ఉండేవాడు. అక్కడ పాఠాల్లో చూపించడానికి న్యూకమెన్ ఆవిరి ఇంజను నమూనా ఒకటుండేది. అంతకుముందే దాన్ని లండన్‌లో సిసన్ అనే పేరున్న పనివాడి దగ్గరికి రిపేరుకు పంపారు. అయినా సరిగా నడవలేదు. ప్రొఫెసర్ జాన్ ఆండర్సన్ దాన్ని వాట్‌కి అప్పగించాడు.

న్యూకమెన్ ఇంజన్లు 1712 నుంచీ గనుల్లో నీళ్లు తోడుతున్నాయి. సిలిండర్‌ని ఆవిరితో నింపి లోపలికి చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరవుతుంది, లోపల శూన్యం ఏర్పడుతుంది, బయటి గాలి పిస్టన్‌ని కిందికి నొక్కుతుంది. మళ్లీ ఆవిరి, మళ్లీ చన్నీళ్లు.

నమూనా మాత్రం కొన్ని స్ట్రోకులు కొట్టి ఆగిపోయేది. బాయిలర్ చూడ్డానికి పెద్దదే, కానీ ఆవిరి చాలడం లేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా పెద్ద బాయిలర్ పెట్టాలనిపిస్తుంది (మా ఐటీ వాళ్లమైతే ఇంకో సర్వర్ తగిలిస్తాం). వాట్ బాయిలర్ జోలికి పోకుండా బరువు తగ్గించి చూశాడు. పంపు ఎత్తాల్సిన నీటి స్తంభాన్ని పొట్టి చేశాడు. బరువు తగ్గితే అంత గట్టి శూన్యం అక్కర్లేదు, తక్కువ చన్నీళ్లు చాలు, సిలిండర్ అంతగా చల్లారదు. ఇంజను ఆగకుండా నడిచింది.

తీసుకున్న పని అక్కడికి అయిపోయింది. బిల్లు రాసుకోవచ్చు. కానీ ఇంత చిన్న యంత్రం అంత ఆవిరి ఎందుకు తాగుతోందన్న ప్రశ్న అలాగే ఉంది.

సిలిండర్ వ్యాసం 2 అంగుళాలు, స్ట్రోకు 6 అంగుళాలు. పాత్ర చిన్నదయ్యేకొద్దీ లోపల పట్టే ఆవిరితో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ, కాబట్టి వేడి కూడా ఎక్కువ పోతుంది. ఆ జవాబు చాలనుకోకుండా అతను కొలిచి చూశాడు. ఒక్కో స్ట్రోకుకి సిలిండర్‌లో పట్టేదానికి ఎన్నో రెట్ల ఆవిరి ఖర్చవుతోంది. ఇంకో వింత: కాస్త ఆవిరిని చన్నీళ్లలోకి పంపితే, తన బరువుకి దాదాపు ఆరు రెట్ల నీటిని మరిగే వేడికి తెచ్చింది. అదేమిటని జోసెఫ్ బ్లాక్‌ని అడిగాడు. గుప్తోష్ణం గురించి బ్లాక్ అప్పటికే అక్కడ పాఠాలు చెబుతున్నాడు!

అంటే ఆ నమూనాలో విరిగిన భాగమేదీ లేదు. అందుకే సిసన్‌ని తప్పుపట్టాలని నాకనిపించదు. ప్రతి స్ట్రోకుకీ సిలిండర్‌ని చల్లార్చి మళ్లీ కాచడమే అసలు రోగం. గనుల్లోని పెద్ద ఇంజన్లకీ అదే ఉంది. బొగ్గు గనుల దగ్గర బొగ్గు చవక కాబట్టి ఎవరికీ పెద్దగా పట్టలేదు. బొగ్గును ఓడల్లో తెప్పించుకునే కార్న్‌వాల్ రాగి, తగరం గనుల వాళ్లకి మాత్రం అది ప్రాణాంతకమైన ఖర్చు.

1765లో వాట్‌కి ఉపాయం తట్టింది: ఆవిరిని చల్లార్చే పని వేరే పాత్రలో చేస్తే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. 1769లో పేటెంట్ వచ్చింది. కానీ ఆవిరి కారని పెద్ద సిలిండర్ దొరకలేదు. విల్కిన్‌సన్ అనే ఇనుప వ్యాపారి 1774లో ఫిరంగుల కోసం కనిపెట్టిన తొలిచే యంత్రం ఆ లోటు తీర్చింది. 1776 నాటికి పెద్ద ఇంజన్లు పనిలోకి దిగాయి.

గనుల యజమానుల దగ్గర వాట్, అతని భాగస్వామి బోల్టన్ అడిగిన రుసుము, పాత ఇంజనుతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు. దాని మీద కార్న్‌వాల్‌లో ఏళ్ల తరబడి తగాదాలు, కోర్టు కేసులు నడిచాయి.