కంచె లేని అడవి

ఫిన్లండ్ దక్షిణ, మధ్య భాగాల్లో కొండ అనదగ్గ కొండ దాదాపు లేదు. అయినా ఊరూరా మౌంటెన్ బైకులు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు దాన్ని కొండ సైకిలు అనరు, ‘మాస్తోప్యోరా’ అంటారు. మాస్తో అంటే రాళ్ళూ వేళ్ళూ గుంతలూ ఉన్న, ఎవరూ చదును చెయ్యని నేల. సైకిలు తొక్కేవాళ్ళకు ఇక్కడ పరీక్ష పెట్టేది ఎత్తు కాదు, ఆ నేలే. సుమారు పది వేల ఏళ్ళ కిందట ఈ దేశాన్ని కప్పిన మంచు కరుగుతూ, తన కింద పారిన ఏరులు మోసుకొచ్చిన ఇసుకనూ కంకరనూ పొడుగాటి గట్లుగా వదిలిపోయింది. గట్టు మీద పైన్ చెట్ల నడుమ పొడి బాట, గట్టు దిగితే సరస్సు, సరస్సును ఆనుకొని నాచు పరుచుకున్న చిత్తడినేల, దాన్ని దాటడానికి పక్కపక్కన వేసిన రెండు పలకలు. గంటసేపు తొక్కితే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ గంటలో ఎందరి సొంత అడవుల్లోంచి వెళ్ళామో లెక్క తెలియదు. కంచె అడ్డు రాదు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ కంచె లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. మన దగ్గర భూమి గురించి ఆలోచించేవాళ్ళకు అది పనికొస్తుందని నా నమ్మకం.

ఆ వెసులుబాటుకు ఇక్కడ ‘ప్రతి ఒక్కరి హక్కు’ అని పేరు. అడవి ఎవరిదైనా సరే అందులో నడవవచ్చు, మంచులో స్కీలు వేసుకొని పోవచ్చు, సైకిలు తొక్కవచ్చు, అడవి పళ్ళూ పుట్టగొడుగులూ కోసుకోవచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. ఇంటి పెరట్లోకీ పైరున్న పొలంలోకీ పోకూడదు, యజమాని ఒప్పుకోకుండా నిప్పు రాజేయకూడదు, మోటారు బండి నడపకూడదు, నష్టం చేయకూడదు. ఎందుకిలా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: భూమి ఎక్కువ, జనం తక్కువ. తెలంగాణకు మూడింతల వైశాల్యం, హైదరాబాదు జనాభా కంటే తక్కువమంది మనుషులు. ఇంకెవరు కంచె వేస్తారు? వినడానికి సబబుగానే ఉంది. అయితే స్కాట్లండ్ ఉత్తర కొండసీమ కూడా జనం పలచగా ఉన్నదే. అక్కడ పరాయి భూమిలో నడిచే హక్కు చట్టంలోకి ఎక్కింది 2003లో. ఇంగ్లండులో ఇప్పటికీ పొలాల మధ్య కాలిబాట మీద సైకిలు తొక్కడం హక్కు కాదు. 1968 చట్టం గుర్రపు బాటల మీద మాత్రమే సైకిళ్ళను రానిచ్చింది. జనం పలచబడినంత మాత్రాన నేల తెరుచుకోదు. స్కాట్లండ్ కొండలు ఖాళీ అయిందే పెద్ద భూస్వాములు రైతులను వెళ్ళగొట్టి గొర్రెలను దించినందువల్ల. కాబట్టి చూడాల్సింది మనుషులెందరన్నది కాదు, ఆ భూమి ఎంతమంది చేతుల్లో, ఏ తీరున ఉందన్నది.

ఫిన్లండ్ 1809 దాకా స్వీడన్ రాజ్యంలో భాగం, ఆ తర్వాత 1917 దాకా రష్యా చక్రవర్తి కింద స్వపరిపాలన ఉన్న దేశం. స్వీడన్ పాలనలో రైతు బానిసత్వం ఎన్నడూ పాతుకోలేదు; ఆ రాజ్యపు పార్లమెంటులో రైతులకు తమదైన శ్రేణి ఉండేది. అడవే బతుకుతెరువు. మన మన్యంలో పోడు లాంటి సేద్యం ఇక్కడా ఉండేది: అడవి నరికి, కాల్చి, బూడిదలో ధాన్యం చల్లి, నాలుగేళ్ళకు మరో చోటికి పోవడం. పైన్ మొద్దుల నుంచి తారు తీసి ఓడల వాళ్ళకు అమ్మారు. పశువులు అడవిలోనే మేసేవి. 1757లో స్వీడన్ ప్రభుత్వం ఊరుమ్మడి భూములను, అడవులతో సహా, ఇంటింటికీ పంచే పని మొదలుపెట్టింది. ఇంగ్లండులో ఇలాంటి పంపకమే పేదవాణ్ణి ఉమ్మడి భూమి నుంచి బయటికి నెట్టింది. ఇక్కడ చెట్టుకు యజమాని ఏర్పడ్డాడు గానీ, నేల మీద నడిచే కాలుకు అడ్డు పడలేదు. ఈ హక్కు అనాదిది అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ పేరే 20వ శతాబ్దంలో స్థిరపడింది, మొత్తం హక్కును ఒకచోట రాసిన చట్టం ఇవాళ్టికీ లేదు. ఎవరూ నిషేధించని అలవాటును నిలబెట్టిన కారణాలు ఆ తర్వాత పుట్టాయి. అసలు కథ అక్కడుంది.

19వ శతాబ్దం ముగిసేసరికి పల్లెల్లో సొంత భూమి ఉన్న కుటుంబాలు నాలుగో వంతుకు మించలేదు. మిగిలినవాళ్ళలో కూలీలు, ‘తోర్ప్పరి’ అనే కౌలుదార్లు. తోర్ప్పరి తాను సాగుచేసుకునే చెక్కకు శిస్తుగా భూస్వామి పొలంలో వారానికిన్ని రోజులు చాకిరీ చేయాలి. పేరు కౌలే అయినా వెట్టిని ఎరిగిన తెలంగాణ పాఠకుడికి దాని బరువు వేరే చెప్పనక్కర్లేదు. వైనో లిన్నా 1959 నుంచి 1962 దాకా వెలువరించిన మూడు సంపుటాల నవల ఈ దేశానికి ఇంటింటి పుస్తకమైంది. అందులో మొదటి మనిషి యుస్సి. పాస్టరు గారి భూమిలో చిత్తడిని తవ్వి, నీళ్ళు తోడి, తన రెక్కలతో పొలం చేస్తాడు. పొలం పండాక అందులో ముక్క చేజారిపోతుంది. ఆ కోపమే 1918 అంతర్యుద్ధంలో ఒక పక్షాన్ని నిలబెట్టిన బలాల్లో ఒకటి. జనవరి నుంచి మే దాకా సాగిన ఆ యుద్ధంలోనూ, తర్వాతి ఖైదీ శిబిరాల్లోనూ సుమారు 36 వేలమంది చనిపోయారు. ఓడిపోయింది ఆ పక్షమే, ఎర్ర పక్షం. అయినా గెలిచినవాళ్ళు అదే ఏడాది అక్టోబరులో తోర్ప్పరులు తమ చెక్కలను కొనుక్కునే చట్టం చేశారు. 1922లో భూమిలేనివాళ్ళకు భూమి సంపాదించిపెట్టే చట్టం వచ్చింది. సోవియట్ యూనియన్‌తో యుద్ధాల్లో తూర్పు ప్రాంతమైన కరేలియా చేజారినప్పుడు నాలుగు లక్షలమందికి పైగా ఇల్లూవాకిలీ వదిలి వచ్చారు. 1945 చట్టం వాళ్ళకూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకూ భూములిచ్చింది. గెలిచినవాడు ఓడినవాడికి భూమి ఇచ్చిన సందర్భాలు చరిత్రలో అరుదు. నేను ఈ దేశాన్ని గౌరవించడానికి మొదటి కారణం ఇదే.

సైకిలు బాటకు దీనితో సంబంధమేమిటంటారా? ఈ పంపకాల ఫలితంగా ఇవాళ అడవుల్లో సుమారు 60 శాతం మామూలు కుటుంబాలవి. యజమానులు ఆరు లక్షలకు పైనే. చిన్న చెక్క ఉన్నవాడు కంచె వేసుకుంటే ఆ చెక్కలోనే బందీ అవుతాడు. సరస్సుకు పోవాలన్నా, పళ్ళు ఏరాలన్నా, పొరుగువాడి అడవి దాటాల్సిందే. నా అడవిలో నువ్వు, నీ అడవిలో నేను. భూమి ఏమాత్రం లేనివాడికి, కరువు రోజుల్లో, ఆ పళ్ళూ పుట్టగొడుగులే ఆధారం. అవి కోయడం దొంగతనం కాదని శిక్షాస్మృతే చెబుతుంది. వేల ఎకరాల ఎస్టేటు యజమానికి ఈ ఇచ్చిపుచ్చుకోడం అవసరం పడదు. అందుకే భూసంస్కరణనూ తెరిచిన అడవినీ నేను విడివిడిగా చూడలేను.

అయితే ఈ భూమి ఎక్కడి నుంచి వచ్చింది? కొంత ఎస్టేట్ల నుంచి, పాస్టరు మాన్యాల నుంచి, ప్రభుత్వం నుంచి. కొంత చిత్తడి నుంచి. ఒకప్పుడు దేశంలో మూడో వంతు నేల చిత్తడే. అందులో కుళ్ళీ కుళ్ళని నాచు ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. దాన్నే పీట్ అంటారు. రైతు దృష్టిలో అది శత్రువు, ఆగస్టు రాత్రి పంటను కాల్చే మంచు అక్కడే పుడుతుందని. 1866–68 కరువులో జనాభాలో 8 శాతం దాకా పోయారు. రూనెబెరి 1830లో రాసిన కవితలో రైతు పావో రొట్టెలో చెట్టు బెరడు కలుపుకు తింటూ పొలానికి బోదెలు తవ్వుతాడు. ఆకలిని ఎదిరించడమంటే బోదె తవ్వడమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పార స్థానంలో యంత్రం వచ్చింది. 1960లు, 70లలో ప్రభుత్వ సొమ్ముతో, చెట్లు పెరగాలని, చిత్తడి వెంట చిత్తడి ఆరబెట్టారు. సగానికి పైగా చిత్తళ్ళు అలా పోయాయి. బోదెల పొడవు పది లక్షల కిలోమీటర్లు దాటుతుంది. సైకిలు మీద పోతూ చూస్తే అడవిలో గీత గీసినట్టు తిన్నగా, సమాన దూరాల్లో నల్లటి నీటి బోదెలు కనిపిస్తాయి. మనం అడవి అనుకునే ఆ చోటు మొన్నటి దాకా ఆకాశానికి తెరిచిన నాచు మైదానం.

ఇది నేరమా? అలా అనను. ఆ బోదెలు తవ్వినవాళ్ళ ఆకలి నిజం. కలపతో ఈ దేశం బడులు, ఆసుపత్రులు కట్టుకుంది, అడవిలో కలప నిల్వ 1950ల కంటే ఇప్పుడు బాగా ఎక్కువ. కానీ కొత్త పొలాలు చేయించిన ప్రభుత్వమే 1969లో పొలం బీడు పెట్టేవాళ్ళకు డబ్బిచ్చింది. కష్టపడి సాగులోకి తెచ్చిన ఎన్నో చెక్కలను వదిలి పిల్లలు స్వీడన్‌కూ పట్నాలకూ పోయారు. ఆరిన పీట్ గాలి తగిలి బొగ్గుపులుసు వాయువును వదులుతూనే ఉంది. నా వాదనకు మరో లోటు కూడా ఉంది. ఉత్తరాన ఆదివాసులైన సామీలు తమ రెయిన్‌డీర్ భూముల మీద హక్కు ఇంకా అడుగుతూనే ఉన్నారు. రాజీ దక్షిణంలో కుదిరినట్టు అక్కడ కుదరలేదు.

సైకిళ్ళ మీద కూడా ఫిర్యాదుంది: చక్రం నాచును కోస్తుంది, వసంతంలో నేల మెత్తబడ్డప్పుడు బాట గాడి పడుతుంది. ఫిర్యాదు న్యాయమైనదే. మీటరు పీట్‌కు వెయ్యేళ్ళు పట్టే చోట ఒక్క చక్రపు గాడి చిన్న విషయం కాదు. అందుకే జాతీయ ఉద్యానాల్లో గుర్తు పెట్టిన దారుల్లోనే తొక్కమంటారు. హక్కులోనే ‘నష్టం చేయకుండా’ అనే షరతు ఉంది కాబట్టి, బురద రోజుల్లో చిత్తడిని వదిలి గట్టు బాట పట్టడం ఆ హక్కును పాటించడంలో భాగం. అయితే ఎక్స్‌కవేటరు చేసిన దాని పక్కన చక్రం చేసింది పెట్టి చూడాలి. తాంపెరె నగరానికి ఉత్తరాన 1982లో ఏర్పడ్డ సైత్సెమినెన్ జాతీయ ఉద్యానంలో పాత తోర్ప్పరి ఇల్లొకటి, కోవెరో, మ్యూజియంగా నిలిచి ఉంది. ఆ ఉద్యానంలోనే అంతకుముందు ఆరబెట్టిన చిత్తళ్ళలో బోదెలు పూడ్చి నీళ్ళను తిరిగి రప్పించారు. అక్కడ భూమి ప్రభుత్వానిది గనుక అడ్డు చెప్పేవారు లేరు. మిగతా చోట్ల చాలా బోదెలు ఆ ఆరు లక్షలమంది యజమానుల పేరిట ఉన్నాయి. ఎందరి తాతలో పారతో తవ్వినవి. పూడిస్తే చెట్లు చచ్చిపోతాయి, కలప సొమ్ము పోతుంది, బోదె గట్టు మీది బాట మునిగి పలకలు వేయాల్సి వస్తుంది. ఆ సొమ్ము యజమాని భరించాలా, దాని మీదుగా పోయే అందరూ భరించాలా అన్నది ఈ దేశంలో ఇంకా తెగలేదు.