మన సంఘ చరిత్రలో ఒంటరి సేవకులు

మన అధ్యక్ష ఖండము యొక్క నూరేండ్ల చరిత్రను తలపోసినప్పుడు మనకు ముందుగా జ్ఞాపకమునకు వచ్చేవి దేవాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు. ఆ తరువాత కుటుంబములు. "మా ముత్తాతగారు ఫలానా దొరగారి చేత బాప్తిస్మము పొందారు" అని చెప్పుకొనని ఇల్లు మనలో అరుదు. ఇది సంతోషించదగినదే. అయితే సంఘ చరిత్రను కుటుంబముల చరిత్రగా మాత్రమే చెప్పుకొంటే కొందరు అందులోనుండి జారిపోతారు. పెండ్లి చేసికొననివారు, భార్యను గాని భర్తను గాని పోగొట్టుకొన్నవారు, క్రీస్తు నిమిత్తము కన్నవారికి దూరమైనవారు అట్టివారు. తెలుగు దేశములో సువార్త వేళ్లూనిన తొలి దశాబ్దములను పరిశీలిస్తే ఇట్టివారి పాలు ఎంత పెద్దదో కనిపిస్తుంది. మన ఖండమునకు చెందినవారనీ, పొరుగు సంఘములవారనీ భేదము లేకుండా వారిలో కొందరిని గూర్చి ఇక్కడ వ్రాస్తున్నాము.

చర్చి మిషనరీ సొసైటీ పక్షమున 1841లో ఇద్దరు యౌవనులైన గురువులు ఇంగ్లండు నుండి ఓడనెక్కి మచిలీపట్నము వచ్చారు. ఒకరు హెన్రీ ఫాక్సుగారు, మరొకరు రాబర్టు నోబుల్‌గారు. ఫాక్సుగారు భార్యతో వచ్చారు. నోబుల్‌గారు అవివాహితులు. చివరివరకు అలాగే ఉన్నారు. ఫాక్సుగారు ఊరూరా తిరిగి ప్రకటించే పని చేపట్టారు. కాని 1845లో భార్యను పోగొట్టుకొని, తానును ఆరోగ్యము చెడి 1848లో స్వదేశములో కన్నుమూశారు. పెండ్లి అయినవారికి ఒంటరితనము ఉండదని అనుకొనేవారు ఫాక్సుగారి కథ చదవవలెను.

నోబుల్‌గారు 1843 నవంబరు 21న ఒక పాఠశాలను తెరిచారు. ఈనాడు మనమెరిగిన నోబుల్ కళాశాల దాని నుండి పెరిగినదే. వచ్చిన నాటి నుండి 1865 అక్టోబరు 17న మరణించే వరకు, సుమారు 24 ఏండ్లు, ఆయన ఒక్కసారి కూడ ఇంగ్లండు వెళ్లలేదు. ఇల్లాలు లేదు, పిల్లలు లేరు, స్వదేశపు బంధువుల ముఖము లేదు. ఉన్నది విద్యార్థులు, పాఠములు, బందరు ఎండ.

1852లో ఆయన విద్యార్థులు ఇద్దరు, బ్రాహ్మణుడైన గనుగపాటి వెంకటరత్నముగారు, వెలమవారైన మంచాల రత్నముగారు, క్రీస్తును ఒప్పుకొని నోబుల్‌గారి ఇంటికి వచ్చి చేరారు. పట్టణమంతా కదిలింది. పాఠశాల దాదాపు ఖాళీ అయింది. ఈ సంగతిని మనము విజయముగా చెప్పుకొంటాము. ఆ రోజులలో ఇటువంటి నిర్ణయము తీసికొన్న కుర్రవానికి ఏమి మిగిలేదో మాత్రము అంతగా ఆలోచించము. అతనిని కన్నవారు చచ్చినవానిగా ఎంచేవారు. అమ్మ చేతి ముద్ద ఇక లేదు. పండుగకు పిలిచే అక్క లేదు, చావుకు మోసే అన్నదమ్ములు లేరు. బాప్తిస్మపు నీళ్లు ఆరకముందే కులము, ఇల్లు, వీధి మూడును పోయేవి. అలాంటివారికి తలదాచుకొనే చోటు ఎవరి ఇల్లు? బ్రహ్మచారియైన నోబుల్‌గారి ఇల్లు. భార్యాబిడ్డలు లేని ఇంటిలో కన్నవారు లేని కుర్రవాళ్లకు చోటు దొరికింది. వారిలో మంచాల రత్నముగారు తరువాత గురువై సంఘమును కాచారు.

అయితే చరిత్ర వ్రాసేటప్పుడు పొగడ్త ఒక్కటే చాలదు. నోబుల్‌గారి పాఠశాల పై కులముల పిల్లల కొరకు. తక్కువవారని లోకము ఎంచిన కులముల పిల్లలను ఆయన చేర్చుకొనలేదు. ఆయన కారణములు ఆయన చెప్పారు. అవి మా మనస్సుకు ఎక్కలేదు. తరువాతి కాలములో మన సంఘములను నింపినది ఆ పిల్లల కుటుంబములే గదా. అంత ప్రేమగల మనిషి బల్లకు కూడ ఒక అంచు ఉండినదని మనము తెలిసికొనుట మంచిది.

గుంటూరు సంగతికి వద్దాము. 1842 జూలై 31న గుంటూరు చేరి లూథరన్ సేవను ఆరంభించిన ఫాదర్ హయ్యర్‌గారు అప్పటికే భార్యను పోగొట్టుకొన్నవారు. 1869లో, 76 ఏండ్ల వయస్సులో, రాజమండ్రి సేవ చేజారిపోతుందని విని మరల ఓడనెక్కి వచ్చారు. మన ఇండ్లలో ఆ వయస్సువారిని వాకిట మంచము మీద కూర్చుండబెట్టి, "మీకెందుకు తాతగారూ, ఊరుకోండి" అంటాము.

అదే గుంటూరుకు 1883లో అన్నా సారా కుగ్లరమ్మగారు వచ్చారు. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టి, 1879లో వైద్య పట్టము పొందిన వైద్యురాలు. కాని పంపినవారు ఆమెను వైద్యమునకు పంపలేదు. బాలికల బడులు, ఘోషా ఇండ్లలోని స్త్రీలకు చదువు చెప్పుట, ఇది ఆమెకిచ్చిన పని. వైద్యురాలిగా ఆమెను నియమించినది రెండేండ్ల తరువాత, 1885లో. పెద్దింటి స్త్రీలు మొదట ఆమె చేతి మందు పుచ్చుకొనుటకు జంకేవారు. పరదేశి తాకితే మైల గదా. తన దేశములో ఆడ డాక్టరని సందేహించారు, ఈ దేశములో మ్లేచ్ఛురాలని సందేహించారు. ఇల్లు చేరితే పలకరించే కుటుంబము లేదు. అయినా విడిచి వెళ్లలేదు. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరచుకొన్నది. ఆమె వైద్యమునకు కృతజ్ఞులైన ఏలూరు రాజావారు రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించారు. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఆమె పని అంతా ఆమె ఒక్కతే చేసినదని చెప్పుకొనుట మనకు అలవాటు. అది నిజము కాదు. 1890ల నుండి నర్సులు, సహ వైద్యురాండ్రు వచ్చి చేరారు. కలిసి ఉన్నారు, కలిసి తిన్నారు, జ్వరము వస్తే ఒకరినొకరు చూచుకొన్నారు. వారితోపాటు తెలుగు బైబిలు స్త్రీలు ఉన్నారు. ఈ బైబిలు స్త్రీలలో విధవరాండ్రు చాలమంది. శుభకార్యములకు ఎదురు రాకూడదని ఊరు పక్కకు నెట్టిన స్త్రీ చేతికి సంఘము ఒక సంచి, ఒక బైబిలు, నెలకు కొద్ది రూపాయలు ఇచ్చి, "ఇంటింటికి వెళ్లు" అన్నది. ఎదురు రావద్దన్న ఆమెనే వాకిళ్లలో కూర్చుండబెట్టుకొని ఇల్లాండ్రు తమ బాధలు చెప్పుకొన్నారు. తెల్లచీర కట్టుకొని ఎండనపడి నడిచిన ఈ తల్లుల పేర్లు మన ఫలకముల మీద ఎక్కువగా లేవు. పాదిరిగారి పేరు ఉన్నది, దొరసానిగారి పేరు ఉన్నది.

గుంటూరుకే 1920లో ఆస్ట్రేలియా నుండి మరొక వైద్యురాలు వచ్చారు, మేరీ గ్లోరీగారు. ఆమె కథోలిక సంఘములో కన్యస్త్రీగా చేరి, మఠవాసిగా ఉంటూనే వైద్యము చేశారు. 1957లో మరణించారు. పదేండ్లపాటు కుగ్లరమ్మగారు, ఈమె ఒకే పట్టణములో రోగులను చూచారు. ఇద్దరును అవివాహితలే, కాని ఒక భేదము ఉన్నది. కథోలిక సోదరికి ముసుగు, మఠము, ప్రార్థన గంట, వరుసకు "అమ్మగారు" అనే గౌరవము ఉన్నవి. ఆమె స్థితికి సంఘములో ఒక పేరు, ఒక గది ఉన్నవి. మన ప్రొటెస్టంటు సంఘములలో అవివాహితగా ఉండిపోయిన స్త్రీకి అట్టిదేమియు లేదు. ఆమె ఎప్పుడూ "ఇంకా పెండ్లి కాని" స్త్రీయే. 1952లో దక్షిణ ఇండియా సంఘము స్త్రీల కొరకు ఒక సహోదరీ సమాజమును ఏర్పరచి, బెంగుళూరులో విశ్రాంతి నిలయమును దానికి కేంద్రముగా చేయుటలో ఈ కొరత తీర్చే ప్రయత్నము కనిపిస్తుంది. దోర్నకల్ ఖండములో డీకనెస్సుగా పనిచేసిన కేరల్ గ్రాహమ్మగారు దీనికి ముందు నడిచారు. మంచి పనియే గాని మన పల్లె సంఘములలో దాని పేరు విన్నవారు కొద్దిమంది.

స్నేహము మాటకు వస్తే అజరయ్యగారిని తలచక తప్పదు. ఆయన అవివాహితులు కారు. 1898లో పెండ్లి చేసికొన్న గృహస్థుడు. కాని 1910 జూన్‌లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన మాట్లాడినది ఒంటరితనమును గూర్చియే అని మేము అనుకొంటున్నాము. మిషనెరీలు ఎంతో త్యాగము చేశారు, అందుకు కృతజ్ఞులము, కాని మాకు స్నేహితులు కావలెను అని ఆయన అడిగారు. ఏండ్ల తరబడి ఒకే పొలములో పనిచేస్తూ ఒకరి ఇంట ఒకరు భోజనము చేయని స్థితి ఆనాడు ఉండేది. సభలో కొందరు మెచ్చుకొన్నారు, కొందరికి కోపము వచ్చింది. రెండేండ్లు తిరిగేసరికి, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందారు. మిషనెరీకి ఇల్లు దూరము, మన సేవకునికి మిషనెరీ దూరము. ఇద్దరును ఒకే ఆవరణలో ఒంటరివారే.

లేఖనములు ఈ సంగతిని దాచలేదు. పౌలు భార్య లేనివాడు, దానిని గూర్చి సిగ్గుపడనివాడు. అయితే చెరసాలలోనుండి తిమోతికి వ్రాసేటప్పుడు, చలికాలము రాకముందే రమ్మనీ, త్రోయలో విడిచిన అంగీ తెమ్మనీ, మార్కును వెంటబెట్టుకొని రమ్మనీ బ్రతిమాలుకొన్నాడు. రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక చివర పేరు పేరునా వందనములు చెప్పి, రూఫు తల్లి తనకును తల్లియే అన్నాడు. అంత గొప్ప అపొస్తలునికి వెచ్చని అంగీ కావలసి వచ్చినది, ఒక తల్లి కావలసి వచ్చినది. ఒంటరితనము తోచుట విశ్వాస లోపమని మనలో ఎవరైనా బోధిస్తే ఆ రెండు పత్రికలు వారి ముందు పెట్టవలెను.

ఇక మన సంఘములు. మన రిజిష్టరులలో సభ్యులను కుటుంబ యజమాని పేరిట వ్రాస్తాము. ముప్పది ఏండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసి, తమ్ముళ్లను చదివించి, చెల్లెండ్ల పెండ్లిండ్లు చేసిన అక్కయ్య పేరు తమ్ముని పేరు క్రింద ఉంటుంది. చందా మాత్రము ఆమెదే పెద్దది. వివాహ ప్రకటనలు చదివిన ఆదివారము గుడి బయట ఆమెనో, నర్సు అమ్మాయినో పట్టుకొని "మరి నీ పప్పన్నము ఎప్పుడే?" అని నవ్వుతాము. మన దృష్టిలో అది ఆప్యాయత. ఆ ప్రశ్నకు భయపడి ఆశీర్వాదము ముగియకముందే చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయేవారిని మేము చూచాము. క్రిస్మసు పాటల బృందము తలుపు తట్టవలసిన ఇండ్ల జాబితా వ్రాసేటప్పుడు, భార్య పోయిన పెద్దాయన ఒక్కరే ఉన్న గదిని, "పాపము, ఆయనకు ఇబ్బంది, టీ ఎవరు పెడతారు?" అని విడిచిపెడతాము. ఆయనకు టీ పెట్టుట వచ్చునేమో ఎవరూ అడగరు.

గృహ కూటము ఇల్లాలు ఉన్న ఇంటిలోనే జరగవలెనని ఏ నిబంధనలోను లేదు. నోబుల్‌గారి ఇంట ఇల్లాలు లేదు.

ఈ సంచిక కొరకు కుటుంబ ఛాయాచిత్రములు పంపమని గుడిలో ప్రకటించినప్పుడు, ఆరాధన తరువాత ఒక పెద్దమ్మగారు మా వద్దకు వచ్చారు. పదవీ విరమణ చేసిన నర్సమ్మ. పెండ్లి చేసికొనలేదు. "బాబూ, నేనొక్కదాన్నే ఉన్న ఫొటో తీసుకుంటారా, లేక అది వేరే చోట వేస్తారా?" అని అడిగారు. తీసుకొంటామని చెప్పాము. ఆమె ఫొటో ఈ సంచికలో ఉన్నది, కుటుంబముల పుటలలోనే, అక్షరక్రమములో.