ఇంద్రవెల్లి కాల్పులు (1981)

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతు కూలీ సంఘం సభకు తరలివచ్చిన ఆదివాసులపై పోలీసులు జరిపిన కాల్పులు.

నేపథ్యం: గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు, పోడు సాగుపై అటవీ సిబ్బంది వేధింపులు, షావుకార్ల వడ్డీలు అక్కడి గోండు ఆదివాసుల బతుకును కుంగదీశాయి. భూబదిలీని నిషేధించిన 1/70 చట్టం సరిగా అమలు కాలేదు. నక్సలైటు ఉద్యమ ప్రభావంతో సంఘం పట్టాలు, పంటకు గిట్టుబాటు ధర కోరింది.

ఘటన: ఆ రోజు సోమవారం, సంత రోజు. సభకు అనుమతి నిరాకరించినా జనం ఆగలేదు; వారిపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మందని ప్రభుత్వం ప్రకటించింది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు.

స్మారకం: అమరుల స్తూపాన్ని 1986లో పేల్చివేయగా, 1987లో మళ్లీ నిర్మించారు. ఏటా ఏప్రిల్ 20న అక్కడ నివాళులు అర్పించడానికి దశాబ్దాలపాటు పోలీసు ఆంక్షలు అడ్డుపడ్డాయి.