తెలుగు గ్రంథాలయాలు – సమష్టి కృషి: విజ్ఞానచంద్రికా మండలి నుంచి వికీ వరకు

ఉపోద్ఘాతం:

వికీలు, ఉమ్మడి గ్రంథసూచికలు, ఒకే పత్రాన్ని పలువురు ఏకకాలంలో దిద్దగల అంతర్జాల వేదికలు నేటి గ్రంథాలయ శాస్త్రంలో సమష్టి కృషి సాధనాలుగా చర్చకు వస్తున్నాయి. వీటిని కేవలం సాంకేతిక అంశంగా భావించి, ఒకటి రెండు శిక్షణ తరగతులతో సరిపెట్టడం పరిపాటి. తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్రను పరిశీలిస్తే, ఈ సాధనాల వెనుక ఉన్న పని పద్ధతి తెలుగువారికి కొత్తది కాదని తెలుస్తుంది. ఆ పద్ధతి ఎక్కడ నిలిచిందో, ఎందుకు ఆగిందో గుర్తించి, నేటి గ్రంథపాలకుల ఉద్యోగ జీవితానికి దానిని అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

1. ఉద్యమకాలంలో సమష్టి కృషి:

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు దీని స్థాపకులలో ముఖ్యులు. ఈ కృషికి కొనసాగింపుగా 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసింది. చరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను పండితుల చేత రాయించి, చందాదారుల ఆదరణతో ప్రచురించడం మండలి పద్ధతి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, విడివిడిగా ఉన్న గ్రంథాలయాలను ఒక తాటిపైకి తెచ్చింది.

లక్ష్మణరావు సంపాదకత్వంలో వెలువడిన ‘ఆంధ్ర విజ్ఞానసర్వస్వము’ ఈ కృషికి శిఖరం. అయితే అది అకార శీర్షికలను దాటి సాగకముందే 1923లో ఆయన మరణించారు. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తిరిగి చేపట్టారు. 1938లో ఆయన కూడా కన్నుమూశారు. రచనలో పలువురు పాలుపంచుకున్నా, నిర్వహణ ఒక్కరి భుజాలపై నిలిచినందువల్ల ఆ వ్యక్తితో పాటే పని ఆగింది. ఈ చరిత్ర నుంచి గ్రంథపాలకులు గ్రహించవలసిన మొదటి పాఠం ఇదే.

2. ఉద్యమం నుంచి ఉద్యోగానికి:

1955 నాటి హైదరాబాదు పౌరగ్రంథాలయ చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టం గ్రంథాలయాలకు ప్రభుత్వ ఆలంబననిచ్చాయి. గ్రంథాలయ పన్ను, జీతం పొందే సిబ్బంది సమకూరారు. ఇది కాదనలేని మేలు. కానీ ఉద్యమకాలంలో నిర్వాహకుడు, దాత, రచయిత కూడా అయిన పాఠకుడు క్రమంగా సేవను స్వీకరించేవాడుగా మిగిలాడు. గ్రంథపాలకుని పని కూడా తన భవనంలోని పుస్తకాలకు పరిమితమైంది.

3. వికీ: పాత పద్ధతికి కొత్త రూపం:

1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని రూపొందించారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. విజ్ఞానసర్వస్వ నిర్మాణాన్ని ఒక సంపాదకుని ఆయుర్దాయానికి ముడిపెట్టకపోవడం ఇందులోని ప్రధానమైన మార్పు. ప్రతి సవరణా చరిత్రలో నమోదవుతుంది. ఒకరు విడిచిన చోట మరొకరు అందుకోవచ్చు. వికీసోర్సులో కాపీహక్కులు ముగిసిన గ్రంథాల పుటలను ఒకరు అచ్చుదిద్దితే మరొకరు ఆమోదిస్తారు. ఇద్దరి పరిశీలన పూర్తయితేనే పుట పచ్చరంగులోకి మారుతుంది.

ఈ పనిలో అత్యధిక భాగాన్ని తెలుగులో స్వచ్ఛంద కార్యకర్తలే మోశారు. వృత్తిరీత్యా ఇందుకు అర్హులైన గ్రంథపాలకుల పాత్ర మాత్రం పరిమితంగానే ఉండిపోయింది. వికీపీడియా ప్రచురిత ఆధారం లేని విషయాన్ని అంగీకరించదు. ఆ ఆధారాలు గ్రంథాలయ బీరువాలలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలపగలవాడు గ్రంథపాలకుడే.

4. ఉద్యోగస్థలంలో అన్వయం:

మొదటి మెట్టు గ్రంథాలయం లోపలే ఉంది. ఏ దాత ఏ పుస్తకాలు ఇచ్చారు, ఏ పత్రిక ఏ సంచికలు లోపించాయి, అరుదైన ప్రతులు ఎక్కడున్నాయి అనే సమాచారం చాలాచోట్ల ఒక ఉద్యోగి జ్ఞాపకంలో ఉంటుంది. బదిలీతోనో పదవీ విరమణతోనో అది పోతుంది. సిబ్బంది అందరూ దిద్దగల అంతర్గత వికీ ఈ నష్టాన్ని నివారిస్తుంది. అయితే దాని ఖాతా సంస్థ పేరున ఉండాలి. వ్యక్తి పేరున ఉంటే పాత సమస్యే కొత్త రూపంలో ఎదురవుతుంది. పాఠకుల వ్యక్తిగత వివరాలను ఇటువంటి వేదికలలో ఉంచకూడదు.

రెండవ మెట్టు ఉమ్మడి సూచిక. న్యూజిలాండులో పుట్టిన కోహా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చిన్న గ్రంథాలయాలకూ అందుబాటులో ఉంది. కానీ ‘కొమర్రాజు లక్ష్మణరావు’, ‘కె.వి. లక్ష్మణరావు’, ‘లక్ష్మణరావు, కొమర్రాజు’ అని ఒకే రచయిత మూడు చోట్ల నమోదైతే సూచికలను కలిపినా ప్రయోజనం ఉండదు. ఇంటిపేరు ముందుండే తెలుగు సంప్రదాయానికి తగిన ప్రామాణిక నామరూపాలను గ్రంథపాలకులు కలిసి నిర్ణయించుకోవాలి. యంత్రం చేయలేని పని ఇది.

మూడవ మెట్టు స్థానిక చరిత్ర. 2007లో ఎల్.బి.నగర్ పురపాలక సంఘం హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 2017 నవంబరులో నాగోల్ నుంచి మియాపూర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. మూసీ ఒడ్డున ఉన్న నాగోల్ ఊరి రూపురేఖలు ఒక తరం కాలంలోనే మారిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలకు పోటీపరీక్షల కోసం వచ్చే యువత గ్రంథాలయాన్ని కేవలం చదువుకునే గదిగా వాడుకుంటోంది. ఇటువంటి చోట కళాశాల గ్రంథపాలకులు విద్యార్థులతో కలిసి పాత పత్రికల వార్తలు, పటాలు, గెజిటీర్ల ఆధారంగా ఊరి చరిత్రను వికీలో చేర్చితే, గ్రంథాలయానికి తన పరిసరాలతో తెగిన సంబంధం మళ్ళీ ఏర్పడుతుంది.

ఉపసంహారం:

గ్రంథాలయం పెరిగే జీవి అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఆ పెరుగుదల నేడు పుస్తకాల సంఖ్యకే పరిమితం కాదు. గ్రంథాలయాల మధ్య, గ్రంథపాలకునికీ పాఠకునికీ మధ్య సంబంధాలు కూడా పెరగాలి. ఇది నెరవేరాలంటే వికీలో చేసే కృషి తీరిక వేళల సేవగా కాక, పనిగంటలలో లెక్కించదగిన వృత్తి బాధ్యతగా గుర్తింపు పొందాలి. విజ్ఞానసర్వస్వం రెండుసార్లు ఆగిపోవడానికి కారణం పండితుల కొరత కాదు. వ్యక్తులు పోయినా పనిని నిలిపే వ్యవస్థ లేకపోవడమే. ఆ వ్యవస్థకు కావలసిన సాధనాలు ఇప్పుడున్నాయి. వాటిని చేపట్టే బాధ్యతను సంస్థలు తమ గ్రంథపాలకులకు అధికారికంగా అప్పగించవలసి ఉంది.