ఛాతీ తెరవకుండా గుండెకు మరమ్మతు

మా పెద్దత్తగారికి డెబ్బై ఎనిమిదో ఏట నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రాత్రుళ్ళు పడుకోలేక దిండ్లకి ఆనుకుని కూర్చునేవారు. "గుండెలో కవాటం కారుతోందమ్మా, ఛాతీ తెరిచి ఆపరేషను చేస్తే ఈ వయసులో తట్టుకోలేరు" అన్నారు డాక్టరుగారు. 1994 నాటి మాట. అప్పటికి ఇంకో దారి లేదు. ఆ దారి తరవాత ఎలా పడిందో ఈ పూట చెప్పుకుందాం.

గుండె ఎడమవైపు మైట్రల్ కవాటానికి రెండు రెక్కలుంటాయి, గుమ్మానికి తలుపుల్లాగన్నమాట. అవి సరిగా మూసుకోకపోతే, గుండె ముడుచుకున్నప్పుడల్లా కొంత నెత్తురు వెనక్కి ఊపిరితిత్తుల వైపు తన్నుతుంది. ఆయాసం అందుకే.

గుండెలోకి గొట్టం పంపవచ్చునని చూపించినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ జర్మన్ డాక్టరు. 1929లో ఎబెర్స్‌వాల్డె ఆస్పత్రిలో పైఅధికారి వద్దంటే వద్దన్నాడు. పరికరాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు అధీనంలో ఉండేవి. ఆవిడ ధైర్యం చూడండి, తన మీదే ప్రయోగం చేయమని ముందుకొచ్చింది! అతను సరేనని ఆవిడని బల్లకి కట్టేసి, గొట్టం మాత్రం తన మోచేతి నరంలోనే ఎక్కించుకున్నాడు. 65 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పైమాటే. అలాగే ఎక్స్‌రే గదికి నడిచివెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. 1956లో మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నర్సమ్మకి మాత్రం ఏ వాటా రాలేదు.

1991లో మిలాన్‌లో ఒట్టావియో ఆల్ఫియేరి అనే సర్జన్ కారే కవాటం రెక్కల అంచుల్ని మధ్యలో కుట్టేసి కలిపాడు. అటూ ఇటూ రెండు దారులు మిగులుతాయి, నెత్తురు దిగడానికి అవి చాలు. కుచ్చిళ్ళకి పిన్ను పెట్టినంత తేలికైన ఆలోచన! కాని దానికీ గుండె తెరవాల్సిందే.

ఆ కుట్టు స్థానంలో చిన్న క్లిప్పు వచ్చింది. తొడ మొదట్లో నరంలోంచి గొట్టం పంపి, గుండె కుడి పై గదికి చేరి, మధ్య గోడకి చిన్న రంధ్రం చేసి ఎడమ గదిలోకి వెళతారు. అన్ననాళంలో పెట్టిన అల్ట్రాసౌండ్ గొట్టం చూపించే బొమ్మని బట్టి, కొట్టుకుంటున్న గుండెలోనే రెక్కల్ని పట్టి బిగిస్తారు. మొదటిసారి మనిషికి ఇలా చేసింది 2003లో, వెనిజులా రాజధాని కారకాస్‌లో. ఆపరేషను తట్టుకోలేనివారికి వాడవచ్చునని అమెరికా ప్రభుత్వం 2013లో ఒప్పుకుంది.

అందరికీ పనికొస్తుందా అంటే అదే చిక్కు. గుండె కండరం బలహీనపడి కవాటం కారేవారి మీద 2018లో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. ఫ్రాన్సువారికి లాభం కనిపించలేదు. అమెరికావారు 614 మందిని చూస్తే, రెండేళ్ళలో మందులతోనే ఉన్నవారిలో నూటికి 46 మంది, క్లిప్పు కూడా పెట్టించుకున్నవారిలో 29 మంది పోయారు. ఎవరికి పెట్టాలో ఎంచుకోవడంలోనే ఉంది తేడా అంటారు చాలామంది నిపుణులు. అందుకే ఎకో పరీక్ష చూసి, గుండెజబ్బుల డాక్టరు, సర్జను కలిసి కూర్చుని తేలుస్తారు. మా పెద్దత్తగారి కవాటం క్లిప్పుకి లొంగేదో లేదో, ఇప్పుడెవరు చెప్పగలరు?