ఓటుకూ ఓటుకూ నడుమ విశాఖ

విశాఖలో పురపాలన పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. అయితే ఆనాటి ఓటు పన్ను కట్టగలిగినవాడిది. రేవులో మూటలు మోసే కూలీకి, వేటకెళ్లే జాలరికి అందులో చోటు లేదు. ఆస్తితో నిమిత్తం లేకుండా, 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఓటు దక్కింది రాజ్యాంగం వచ్చాకే. 1951-52 ఎన్నికల్లో దాన్ని తొలిసారి వాడుకున్నారు.

ఓటు వేసి ఇంటికి పోతే పని తీరదని ఈ ఊరికి 1966లో అర్థమైంది. దక్షిణాదిలో ఉక్కు కర్మాగారానికి విశాఖే తగిన చోటని బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం అంతకు ముందు ఏడే చెప్పింది. జులై 1న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఢిల్లీ కదల్లేదు. అక్టోబరులో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం ఉద్యమాన్ని ముందుండి నడిపారు. విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఊరూరా మోగింది. నవంబరు 1న, రాష్ట్రం ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఈ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 67 మంది ఎమ్మెల్యేలు పదవులు వదులుకున్నారు. ప్రజలిచ్చిన పదవిని ప్రజల కోసమే వదిలేయడం ప్రాతినిధ్యానికి అసలైన పరీక్ష అని నేను నమ్ముతాను. మరుసటి ఏడాది విశాఖ తెన్నేటిని లోక్‌సభకు పంపింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు.

ఈ గెలుపు కథలో తరచూ వదిలేసే పుట ఒకటుంది. కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్లు భూములిచ్చాయి. నిర్వాసితుల చేతికి వచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) ఉద్యోగానికి హామీ అనుకున్నారు. ఆ ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఎక్కువమంది కోరుకున్నదాని ఖర్చు కొద్దిమంది నెత్తిన పడినప్పుడు వాళ్ల మాట వినడం కూడా ప్రజాస్వామ్యమే. ఆ పని ఇక్కడ సరిగా జరగలేదు.

2021 జనవరిలో కేంద్రం కర్మాగారంలో నూరు శాతం వాటాల విక్రయానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షా శిబిరం వెలిసింది, ఏళ్ల తరబడి సాగింది. మే నెలలో శాసనసభ ప్రైవేటీకరణ వద్దని తీర్మానించింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది.

ఢిల్లీతో ఇంత గట్టిగా మాట్లాడిన ఊరు సొంత గడప దగ్గర మాత్రం చాలాకాలం మౌనంగా ఉంది. నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో గడువు తీరింది. ఆ తర్వాత ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ నగరాన్ని నడిపింది ప్రత్యేకాధికారులు. కుళాయి నీళ్లు, మురుగు కాలువ, వీధి దీపం గురించి నిలదీయడానికి కార్పొరేటరే లేడు. అయిదేళ్లకొకసారి పాలకమండలిని ఎన్నుకోవాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పిన మాట 1993 నుంచీ అమలులో ఉంది. అయినా దాని కోసం ఎవరూ 1966లోలా కదల్లేదు.

ఉక్కు కోసం దీక్షలు చేసిన విశాఖ పౌరులు వార్డు ఎన్నిక ఒక్క నెల ఆలస్యమైనా అంతే పట్టుదలతో అడగాలి.