వేకువ కోకిల, వేసవి నిద్ర

ఉగాదికి కొంచెం అటూ ఇటూగా మొదలై వానలు కుదురుకొనే వరకు మన ఊళ్ళలో తెల్లవారుజాము కోకిలదే. తెలుగువారు కోకిల, కోయిల అనే ఈ పక్షి కన్నడిగులకు కోగిలె, తమిళులకు కుయిల్, ఒడియా వారికి కోయిలి, మరాఠీలకు కోకీళ. యానాం పాఠకులకు ఇది తమ పుదుచ్చేరి రాష్ట్ర పక్షి కూడా. ఇన్ని భాషలలో ఇంత ముద్దుపేరు సంపాదించిన పక్షిని గురించి ఫిర్యాదు చేయడానికి ఎవరికైనా నోరు రాదు. అయినా వేసవిలో ఆరుబయట పడుకొనే వృద్ధులకు, రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చినవారికి, పదవ తరగతి పరీక్షలకు చదివి అర్ధరాత్రి దాటాక కన్నుమూసిన పిల్లలకు నాలుగున్నర గంటల కూత నిజమైన బాధయే. ఆ బాధకు కారణమేమిటి, చేయదగినదేమిటి అన్నదే ఈ వ్యాసవిషయం.

మనము వినే "కూ... ఊ" అనే పెద్ద కూత మగపక్షిది. నిగనిగలాడే నలుపు, ఎర్రని కన్ను దాని గుర్తులు. ఆడపక్షి గోధుమవన్నె మీద తెల్లని చుక్కలతో ఉండి "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది. దానిని చాలామంది మరేదో పిట్ట అనుకొంటారు. గాయనీమణులను కోకిలమ్మలని పొగడే ఆచారము ఎంత అందమైనదైనా ప్రకృతిశాస్త్రానికి పొసగదు. మామిడి చిగుళ్ళు మేసి గొంతు తెచ్చుకొంటుందన్నదీ కవిసమయమే. కోకిల ప్రధానాహారం పండ్లు: రావి, మర్రి వంటి చెట్ల కాయలు, మనుషులకు విషమైన పచ్చగన్నేరు కాయలు కూడా. నడుమ పురుగులు. కనుక ఇంటి ముందు కాపుకు వచ్చిన రావిచెట్టు ఉంటే కోకిల వచ్చినదని ఆశ్చర్యపడవలసిన పని లేదు.

ఇక కూతకు అసలు కారణం కాకి. సంస్కృతంలో కోకిలకు పరభృతమనే పేరు ఊరకే రాలేదు. ఇది తానుగా గూడు కట్టదు; కాకి గూటిలో గుడ్డు పెడుతుంది. మగపక్షి కాకులను కవ్వించి తరుముకొని వచ్చేలా చేస్తే, ఆ సందులో ఆడపక్షి గూటిలోకి దూరి పని ముగించుకొంటుంది. కోకిల పిల్ల కాకి పిల్లలకంటె రమారమి మూడు దినాలు ముందే గుడ్డు నుండి వెలువడి, మేతలో ముందు వాటా పొందుతుంది. కొన్ని దేశాలలోని కోయిల జాతుల పిల్లలు ఇతర గుడ్లను గూటి నుండి నెట్టివేస్తాయి గాని, మన కోకిల పిల్లకు సాధారణంగా ఆ అలవాటు లేదు. మన దేశంలో కోకిల సంతానకాలం మార్చి నుండి ఆగస్టు వరకు, అనగా కాకి గూడు కట్టే కాలమే. ఆ కాలం దాటితే పక్షి ఊరిలోనే ఉన్నా గొంతు దాదాపు వినిపించదు.

తెల్లవారుజామునే ఎందుకు? అప్పటికి మేత వెదకడానికి చాలినంత వెలుతురు ఉండదు. గాలి నిలిచి, వీధి సద్దు లేక కూత దూరం సాగుతుంది. జత కోసము, తన చోటు చాటుకోవడము కోసము అది అనువైన వేళ. కోకిల రాత్రివేళ కూడా కూస్తుంది. వీధిదీపం కింది చెట్టు మీద ఉంటే చెప్పనక్కరలేదు. ఇక మన వైపు చూస్తే, గాఢనిద్ర రాత్రి తొలి సగంలో ఎక్కువ, చివరి జాములలో తేలిక నిద్ర, కలలు ఎక్కువ. పది గంటలకు మెలకువ తెప్పించని శబ్దం నాలుగున్నరకు తెప్పిస్తుంది. పైగా కోకిల కూత ఒకే తీరున సాగదు. మెట్టు మెట్టుగా పైకెక్కి, ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ మొదటికి వస్తుంది. ఫ్యాను రొదకు అలవాటుపడే చెవి ఈ ఆగి ఆగి వచ్చే ధ్వనికి అలవాటుపడదు.

చేయదగినవి

బళ్ళారిలో మా వీధి చివర కట్ట మీద ఒక పెద్ద రావి ఉన్నది. కొన్ని వేసవుల కిందట పక్కింటి పెద్దాయన, రక్తపోటు మనిషి, వరుసగా పది రోజులు నిద్ర లేక, చెట్టు కొట్టించమని అర్జీ వ్రాసి సంతకాలకు తిరిగినారు. నా దగ్గరకూ వచ్చినారు. "టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నువ్వైనా పెట్టు" అన్నారు. నేను పెట్టలేదు, అందుకు ఆయనకు కొన్నాళ్ళు కోపము. వీధిచెట్టును మన ఇష్టానుసారం కొట్టరాదు. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి ఉండవలె. అంతకు మించి, ఆ నీడన మధ్యాహ్నం కూర్చునేది కూడా ఆయనే. తరువాత తెలిసినదేమంటే, ఆయన మంచము మిద్దె మీద, సరిగ్గా రావి కొమ్మల ఎత్తున ఉన్నది. కుమారుడు మంచము దించి, చెట్టుకు ఎదురు వైపున ఉన్న వెనుక గదిలో వేసి, కిటికీ వద్ద ఒక కూలర్ పెట్టినాడు. అర్జీ అటకెక్కినది.

ఇందులోని కిటుకు సులభమైనది. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తెరచిన కిటికీ వెనుక గదిలోనికి వస్తే 10 నుండి 15 వరకు, కిటికీ మూస్తే 20కి పైగా తగ్గుతుంది. మనుషులు కర్టెన్ల మీద డబ్బు పోస్తారు గాని, గుడ్డ ఆపేది తక్కువ; తలుపు సందులు, కిటికీ రెక్కల చీలికలు మూయడము మేలు. అయితే మన వైపు మే నెలలో కిటికీ మూసి పడుకోమనడం ఉపదేశానికే బాగుంటుంది. కరెంటు ఉన్నంతసేపు కూలర్ లేదా ఫ్యాను ఎడతెగని రొద కూతను చాలావరకు కప్పివేస్తుంది. కరెంటు పోయే ఊళ్ళలో మందుల దుకాణంలో దొరికే మెత్తని నురుగు చెవిబిరడాలే దిక్కు. వేళ్ళతో సన్నగా నులిమి, చెవిని పైకి లాగి పట్టి లోనికి పెట్టి, అది ఉబ్బేవరకు వేలితో అదిమి ఉంచవలె. ఊరకే అంచున తగిలిస్తే పని చేయదు. దూది అంతగా ఉపకరించదు. చెవి కారేవారు, గుబిలి గట్టిపడినవారు వైద్యుని అడిగిన పిమ్మటే వాడవలె. చంటిపిల్లల ఏడుపు, రోగి పిలుపు వినవలసినవారికి ఇవి తగవు.

రాళ్ళు విసరడము, టపాకాయ కాల్చడము వీధినంతా లేపుతుంది గాని కోకిలను పంపదు. అది నాలుగు కొమ్మలు దాటి మళ్ళీ మొదలుపెడుతుంది. బొమ్మ గుడ్లగూబలు, మెరుపు రిబ్బన్లు కొద్ది దినాలు పని చేసినా పక్షులు త్వరలోనే వాటికి అలవాటుపడతాయి. గూళ్ళు పీకడము మాత్రము ఎవరూ చేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకు అడవి పక్షుల గుడ్లను పాడుచేయడము, గూళ్ళను కదిలించడము కూడా అర్థమే. ధ్వని నియంత్రణ నియమావళి (2000) నివాస ప్రాంతంలో రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు పెట్టినది గదా అని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. ఆ నియమావళి మనుషులు చేసే చప్పుళ్ళకే. మన వీధి ఉత్సవాల సంగతి తలచుకొంటే అది కోకిల మీద ప్రయోగించవలసిన చట్టము కాదని తోస్తుంది.

వీధి మొత్తం కలిసి చేయగలది ఒకటున్నది. కోకిల కాకిని వెదకుకొంటూ వస్తుంది. కాకి ఎంగిలాకులను, మాంసపు దుకాణం వ్యర్థాలను, తెరచిన చెత్తకుండీని వెదకుకొంటూ వస్తుంది. చెత్త మూతవేసి పెట్టి, వేళకు ఎత్తించుకొనే వీధిలో కాకులకు మేత తగ్గుతుంది. ఫలితము ఒక్క వేసవిలో కనిపించకపోవచ్చును. అలాగే చెట్టు ఆకుల్లోకి సూటిగా కొట్టే మిద్దె దీపాన్ని రాత్రి ఆర్పివేయడానికి ఖర్చు లేదు.

గోరింకలు, పిచ్చుకలు, రామచిలుకల గోల వేరు. అవి వెలుతురు వచ్చిన తరువాతనే మొదలుపెడతాయి, త్వరగానే మేతకు చెదిరిపోతాయి. పక్షులకు గింజలు వేసే అలవాటున్నవారు పడకగది కిటికీ దగ్గర కాక పెరటిలో, ఏడు దాటిన పిమ్మట వేస్తే చాలును. తీతువు రాత్రి అరిస్తే కీడని భయపడి లేచి కూర్చొనేవారు నేటికీ ఉన్నారు; అది నేల మీద గుడ్లు పెట్టే పక్షి గనుక కుక్కో మనిషో దగ్గరకు వస్తే అరుస్తుంది, అంతే.

కోకిల మౌనమైన కార్తీకంలో కూడా నాలుగు గంటలకే మెలకువ వచ్చి తిరిగి నిద్రపట్టకపోతే, కారణం చెట్టు మీద లేదు. అది వారాల తరబడి సాగితే వైద్యునికి చూపించుకోవలె. ముఖ్యంగా పగలు దిగులుగా ఉండేవారు, గురక పెట్టేవారు, రక్తపోటు మందులు వాడేవారు ఆలస్యం చేయరాదు.